శ్రుతి మారితే గిటారు కార్డులు ఎలా మారాలి? పాఠకుల సందేహాలు, సమాధానాలు

గడ్చిరోలి, చంద్రపూర్, నాందేడ్ జిల్లాల తెలుగు పాఠకులు రాసిన ఉత్తరాలలో చాలా భాగం పాట స్కేలు మార్చేటప్పుడు కార్డులను (ఒకేసారి మోగించే స్వరాల కూర్పులను) ఎలా మార్చుకోవాలన్న విషయం గురించే ఉన్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా ఆ ఒక్క అంశానికే కేటాయిస్తున్నాము. ఒకే సందేహం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా ఇచ్చాము.

ప్రశ్న: నేను మా చర్చిలో గిటారు వాయిస్తాను. పాటల పుస్తకంలో ఒక పాటకు జి, ఇ మైనర్, సి, డి కార్డులు ఇచ్చారు. మా వదిన పల్లవి బాగానే పాడుతుంది గాని చరణంలో పై స్వరం దగ్గర ఆమె గొంతు అందడం లేదు. ఇదే పాటను ఒకసారి మా తమ్ముడి కోసం ఎ స్కేలుకు పెంచుతూ ప్రతి అక్షరాన్నీ ఒక్కటి చొప్పున ముందుకు జరిపి ఎ, ఎఫ్ మైనర్, డి, ఇ అని వాయించాను. రెండో కార్డు దగ్గరే అపస్వరం వచ్చింది. అసలు పద్ధతి ఏమిటో తెలియజేయగలరు.
– ఒక పాఠకుడు, సిరొంచ

జవాబు: ఆ రోజు మీరు మార్చిన నాలుగు కార్డులలో మూడు సరిగ్గానే కుదిరాయి, తప్పింది ఒక్కటే. అది ఎందుకు తప్పిందో తెలిస్తే పద్ధతి సగం తెలిసినట్టే. ఎ నుంచి జి వరకు ఉన్న ఏడు అక్షరాల మధ్య దూరాలు సమానం కావు. గిటారు మీద ఒక ఫ్రెట్ అంటే ఒక స్వరస్థానం. స్థాయి మొత్తానికి ఉన్నవి 12 స్వరస్థానాలు. వాటిని వరుసగా చెబితే సి, సి షార్ప్, డి, డి షార్ప్, ఇ, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, జి షార్ప్, ఎ, ఎ షార్ప్, బి అవుతాయి, ఆ తరువాత మళ్ళీ సి వస్తుంది. ఇ పక్కనే ఎఫ్, బి పక్కనే సి ఉన్నాయి, వాటి నడుమ షార్ప్ లేదు. మిగిలిన ప్రతి జత నడుమా ఒక షార్ప్ ఉంది. జి నుంచి ఎ కి వెళ్ళడమంటే రెండు ఫ్రెట్లు పైకి వెళ్ళడం కనుక, పాటలోని ప్రతి కార్డూ రెండేసి ఫ్రెట్లు జరగాలి. సి జరిగితే డి, డి జరిగితే ఇ అవుతాయి కాబట్టి అక్కడ మీ అక్షరాల లెక్క కూడా సరిపోయింది. ఇ మైనర్ మాత్రం రెండు ఫ్రెట్లు జరిగితే ఎఫ్ షార్ప్ మైనర్ కావాలి. మీరు ఒక ఫ్రెట్ ముందే ఆగిపోయారు.

అయితే ప్రతి కార్డుకూ ఫ్రెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం ఆరాధన నడుస్తుండగా సాగే పని కాదు. ఇందుకు మన సరిగమలే చక్కగా పనికివస్తాయి. నా దగ్గర నేర్చుకునేవారి చేత నేను మొదటి నుంచి ఈ పద్ధతినే సాధన చేయిస్తాను. మేజర్ స్కేలులోని ఏడు స్వరాలు మన శంకరాభరణ స్వరాలే. పాట ఏ స్కేలులో ఉందో ఆ స్వరాన్ని షడ్జమంగా తీసుకుంటే స, మ, ప ల మీద మేజర్ కార్డులు, రి, గ, ద ల మీద మైనర్ కార్డులు వస్తాయి. ని మీద వచ్చే డిమినిష్డ్ కార్డు మామూలు పాటల్లో అరుదు. స్కేలు ఏదైనా ఈ అమరిక మారదు. మీ పాటలో జి షడ్జమం గనుక ఇ మైనర్ ధైవతం, సి మధ్యమం, డి పంచమం అవుతాయి. పుస్తకంలో కార్డుల మీద పెన్సిలుతో స, ద, మ, ప అని రాసి పెట్టుకుంటే, ఆ తరువాత స్కేలు మార్చడమంటే కొత్త షడ్జమం ఏదో చెప్పుకోవడమే. ఎ షడ్జమమైతే ద ఎఫ్ షార్ప్ మైనర్, మ డి, ప ఇ. సి షడ్జమమైతే ద ఎ మైనర్, మ ఎఫ్, ప జి. ఎక్కువగా వాడే సి, డి, ఇ, జి, ఎ అనే ఐదు స్కేళ్ళలో స, రి, గ, మ, ప, ద ఏ కార్డులో నోటికి వచ్చేవరకు వల్లె వేయండి. సరళీ స్వరాలు నేర్చుకున్నవారికి ఇది పెద్ద శ్రమ కాదు.

ఇక ఏ స్కేలుకు మార్చాలన్నది. చాలామంది గిటారిస్టులు జి, సి లలో కార్డులు సులువుగా పడతాయని అందరినీ ఆ స్కేళ్ళలోనే పాడిస్తారు. గొంతుకు తగ్గట్టు గిటారు మారాలి గాని గిటారుకు తగ్గట్టు గొంతు మారదు. వదిన చేత చరణంలోని ఆ పై పంక్తిని నెమ్మదిగా పాడించి, ఆ స్వరం గిటారు మొదటి తీగ మీద ఎక్కడ పలుకుతుందో వెతకండి. అది 10వ ఫ్రెట్ దగ్గర, అంటే డి దగ్గర దొరికిందనుకుందాం. తరువాత తీగ మీద ఒక్కొక్క ఫ్రెట్ దిగుతూ, ఆమె ఏ స్వరాన్ని మెడ నరాలు బిగించకుండా రెండు మూడు సార్లు వరుసగా నిలపగలదో చూడండి. అది 7వ ఫ్రెట్, అంటే బి అయితే, తేడా మూడు ఫ్రెట్లు. పాటను జి నుంచి మూడు ఫ్రెట్లు దించితే ఎఫ్ షార్ప్, ఎఫ్ దాటి ఇ వస్తుంది. ఆమెకు సరిపోయే స్కేలు అదే. ఒక్కసారి అందిన స్వరాన్ని హద్దుగా పెట్టుకోకండి, ఎందుకంటే నాలుగు చరణాలు పాడాక అదే స్వరం మళ్ళీ అందుతుందన్న నమ్మకం లేదు. కింది అంచును కూడా చూడాలి. ఇదే పాటలో అన్నిటికన్నా కింది స్వరం రెండో తీగ 3వ ఫ్రెట్ మీది డి అయితే, ఇ స్కేలులో అది అదే తీగను ఏ ఫ్రెట్ నొక్కకుండా మీటితే పలికే బి కి దిగుతుంది. అక్కడ మాటలు వినబడనంతగా గొంతు సన్నగిల్లితే ఒక ఫ్రెట్ పైకి, ఎఫ్ కు రాజీపడాలి.

ఇ స్కేలులో మీ స, ద, మ, ప లు ఇ, సి షార్ప్ మైనర్, ఎ, బి అవుతాయి. వీటిలో రెండు, వేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కవలసిన బార్ కార్డులు. వేళ్ళు ఇంకా అలవాటు పడకపోతే 2వ ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒక ఫ్రెట్ దగ్గర అడ్డంగా నొక్కి పట్టే క్లిప్పు) బిగించి డి స్కేలు ఆకారాలు, అంటే డి, బి మైనర్, జి, ఎ పట్టుకోండి. లేదా 4వ ఫ్రెట్‌లో కేపో పెట్టి సి, ఎ మైనర్, ఎఫ్, జి పట్టుకోండి. వేళ్ళు పట్టిన ఆకారం ఏ స్కేలుదో, దానికి కేపో ఫ్రెట్ సంఖ్యను కలిపితే చెవికి వినిపించే స్కేలు వస్తుంది. డి కి రెండు కలిపితే ఇ, సి కి నాలుగు కలిపితే కూడా ఇ. పాటను మూడు ఫ్రెట్లు దించాలి కదా అని 3వ ఫ్రెట్‌లో కేపో పెట్టి జి ఆకారాలే పట్టుకునేవారిని చాలామందిని చూశాను. అలా చేస్తే పాట మూడు ఫ్రెట్లు పైకి, ఎ షార్ప్ కు పోతుంది. కేపో స్థాయిని పెంచగలదే గాని దించలేదు కనుక, ముందుగా కావలసిన స్కేలు కన్నా కిందున్న ఆకారాలను ఎంచుకుని, అక్కడి నుంచి కేపోతో పైకి ఎక్కించాలి.

స్కేలుకు బయటి కార్డులు కొన్ని పాటల్లో వస్తాయి. జి స్కేలు పాటలో ఇ మైనర్‌కు ముందు బి సెవెన్ వస్తే అది గాంధారం మీది సెవెన్ కార్డు. దానిని గ సెవెన్ అని రాసుకుంటే ఇ స్కేలులో జి షార్ప్ సెవెన్ అని వెంటనే తెలుస్తుంది. అదే పాటలో ఎఫ్ మేజర్ వస్తే అది కైశిక నిషాదం, అంటే స్కేలులోని నిషాదానికి ఒక ఫ్రెట్ కింద ఉండే స్వరం, మీది కార్డు. ఇ స్కేలులో అది డి. మైనర్, సెవెన్, సస్ ఫోర్ వంటివి కార్డును అంటిపెట్టుకునే ఉంటాయి. పేరులోని అక్షరం మారుతుంది గాని అవి మారవు. జి బై బి లాంటి కార్డులో గీతకు అవతల ఉన్న బేస్ స్వరాన్ని కూడా అంతే దూరం జరపాలి. ఇ స్కేలులో అది ఇ బై జి షార్ప్. ముందున్న అక్షరాన్ని మార్చి వెనకదాన్ని మరచిపోవడం అనుభవమున్నవారు కూడా చేసే పొరపాటే.

ఫోనులో ఒక్క మీట నొక్కితే కార్డులన్నీ మార్చి చూపే యాప్‌లు ఉన్నాయి, వాడుకోవడంలో తప్పేమీ లేదు. అవి కొన్నిసార్లు ఎఫ్ స్కేలులో మధ్యమాన్ని బి ఫ్లాట్ అనకుండా ఎ షార్ప్ అని చూపుతాయి. పలికే స్వరం ఒకటే అయినా, ఎఫ్ స్కేలులో ఎ అనే అక్షరం అప్పటికే గాంధారానికి వాడుకున్నాము గనుక మధ్యమానికి బి ఫ్లాట్ అని రాయడమే సరైన పద్ధతి. పక్కన ఇంకొకరు అదే కాగితం చూసి వాయిస్తున్నప్పుడు ఈ తేడా అక్కరకు వస్తుంది.

ప్రశ్న: మా భజన మండలిలో పేటీ (హార్మోనియం) వాయించే పెద్దాయన మరాఠీవారు. ఆయన "కాళీ దోన్" అంటారు. పాడే మా బాబాయి "రెండున్నర శ్రుతి" అంటారు. గిటారు పట్టుకుని నేను ఏ స్కేలు అందుకోవాలో తెలియక మొదటి పాట అయ్యేదాకా తడుముకుంటూనే ఉంటాను.
– ఒక పాఠకుడు, బల్లార్‌పూర్

జవాబు: ఇద్దరూ చెబుతున్నది ఒకే మెట్టు. అది డి షార్ప్. తెల్ల మెట్ల విషయంలో రెండు లెక్కలూ ఒకటే: పాండరీ ఏక్ అన్నా ఒకటి శ్రుతి అన్నా సి, పాండరీ పాచ్ అన్నా ఐదు శ్రుతి అన్నా జి. నల్ల మెట్ల దగ్గరే దారులు వేరవుతాయి. మరాఠీవారు నల్ల మెట్లను విడిగా ఒకటి నుంచి ఐదు వరకు లెక్కిస్తారు, మనవారు కిందనున్న తెల్ల మెట్టు అంకెకు అర చేరుస్తారు. కాళీ ఏక్ మన ఒకటిన్నర, అంటే సి షార్ప్. కాళీ దోన్ రెండున్నర. ఈ రెండింటిలో అంకె కలిసింది కదా అని కాళీ తీన్‌ను మూడున్నర అనుకుంటేనే చిక్కు. మూడో తెల్ల మెట్టుకూ నాలుగో తెల్ల మెట్టుకూ మధ్య నల్ల మెట్టే లేదు కనుక మూడున్నర అనే శ్రుతి లేదు, అదే విధంగా ఏడున్నర కూడా లేదు. కాళీ తీన్ అంటే నాలుగున్నర, ఎఫ్ షార్ప్. కాళీ చార్ అంటే ఐదున్నర, జి షార్ప్. కాళీ పాచ్ అంటే ఆరున్నర, ఎ షార్ప్. ఒక చిన్న చీటీ మీద ఈ ఐదింటినీ రాసి గిటారు పెట్టె మూత లోపలి వైపు అంటించుకోండి.

గిటారు మీద నల్ల మెట్టు శ్రుతులన్నిటికీ కేపో తప్పదనే అనుకోవాలి. కాళీ దోన్‌కు 1వ ఫ్రెట్‌లో కేపోతో డి ఆకారాలు గాని, 3వ ఫ్రెట్‌లో సి ఆకారాలు గాని పట్టండి. కాళీ ఏక్‌కు 1వ ఫ్రెట్‌లో సి ఆకారాలు, కాళీ తీన్‌కు 2వ ఫ్రెట్‌లో ఇ ఆకారాలు లేదా 4వ ఫ్రెట్‌లో డి ఆకారాలు, కాళీ చార్‌కు 1వ ఫ్రెట్‌లో జి ఆకారాలు, కాళీ పాచ్‌కు 3వ ఫ్రెట్‌లో జి ఆకారాలు హాయిగా కుదురుతాయి.

శ్రుతి తెలిసినంత మాత్రాన పని పూర్తికాదు. కొన్ని కీర్తనలను మధ్యమ శ్రుతిలో, అంటే శ్రుతి మధ్యమాన్నే షడ్జమంగా చేసుకుని పాడతారు. బాబాయి రెండున్నర శ్రుతిలోనే ఉండి మధ్యమ శ్రుతి కీర్తన ఎత్తుకుంటే, గిటారు కార్డులకు షడ్జమం డి షార్ప్ కాదు, జి షార్ప్ అవుతుంది. కాబట్టి పాటకు ముందు "శ్రుతి ఎంత?" అని మాత్రమే అడగకుండా, ఈ పాటకు స ఎక్కడో ఒక్కసారి పేటీ మీద పలికించమని అడగడం మంచిది.

పాత హార్మోనియం అయితే ఇంకొక జాగ్రత్త కావాలి. ఎ స్వరం 440 హెర్ట్జ్ అన్నది ఇప్పటి ప్రమాణం. ట్యూనర్ యాప్‌లు దానినే ఆధారంగా తీసుకుంటాయి. పాత రీడ్లు ఆ ప్రమాణానికి కొంత ఎక్కువగానో తక్కువగానో ఉండడం మామూలే, వాటిని భజన మధ్యలో సరిచేయడం కుదరదు. సర్దుకోవలసింది గిటారే. హార్మోనియం ఆరో తెల్ల మెట్టు నొక్కి ఉంచమని, ఆ ధ్వనికి మీ ఐదో తీగను కలపండి. ఆ తరువాత మిగిలిన తీగలను ఆ తీగ ఆధారంగా శ్రుతి చేసుకోండి. ట్యూనర్‌లో 440 అన్న అంకెను మార్చుకునే వీలుంటే హార్మోనియానికి సరిపడేలా దానిని ఒకటి రెండు అంకెలు అటూ ఇటూ జరిపి చూడవచ్చు.

ప్రశ్న: గణపతి నవరాత్రులలో మా ఊరి ఆర్కెస్ట్రాతో కలిసి వాయిస్తాను. కీబోర్డు వాయించే అన్న ఎప్పుడూ సి కార్డే పడుతున్నట్టు కనబడుతుంది, నేను చూసి సి వాయిస్తే ఒక్కోసారి కలుస్తుంది, ఒక్కోసారి అసలు కలవదు.
– ఒక పాఠకుడు, ధర్మాబాద్

జవాబు: ఆయన కీబోర్డులోని ట్రాన్స్‌పోజ్ మీటను వాడుతున్నారు. వేళ్ళు సి మీద ఉన్నా, తెర మీద ప్లస్ 2 అని ఉంటే స్పీకరులో వచ్చేది డి. మైనస్ 3 అని ఉంటే వచ్చేది ఎ. కనుక వేళ్ళను చూసి కార్డు పట్టకూడదు, ఆ అంకెను చూసి పట్టాలి. ప్లస్ అంకె ఉన్నప్పుడు మీకూ సులువే: అంకె ఎంతో ఆ ఫ్రెట్‌లో కేపో బిగించి ఆయన పట్టిన ఆకారాన్నే పట్టండి, మాటల్లో కూడా ఇద్దరూ సి, ఎ మైనర్, ఎఫ్ అనే చెప్పుకోవచ్చు. మైనస్ అంకె వస్తే ఇది పనిచేయదు. మైనస్ 3 కు అదే ఆకారాలతో కలవాలంటే కేపో 9వ ఫ్రెట్‌కు వెళ్ళాలి, అక్కడ గిటారు మాండలిన్‌లా పలుచబడుతుంది. దాని బదులు ఎ స్కేలును నేరుగా వాయించండి, లేకుంటే 2వ ఫ్రెట్‌లో కేపోతో జి ఆకారాలు పట్టుకోండి.

వేదిక మీద ఒక కట్టుబాటు పెట్టుకుంటే ఈ తికమక పోతుంది. ఎవరు స్కేలు చెప్పినా చెవికి వినిపించే స్కేలే చెప్పాలి, వేలి స్కేలు ఎవరిది వారి సొంత వ్యవహారం. బేస్ గిటారు వాయించేవారు కూడా ఉంటే ఇది మరీ అవసరం, ఎందుకంటే వారికి కేపో ఉండదు, ట్రాన్స్‌పోజ్ మీట ఉండదు. పాట అయిపోగానే కీబోర్డు అంకెను సున్నాకు తెమ్మని అన్నకు గుర్తుచేయండి. తరువాతి పాట మొదటి కార్డుకే జనం తలలెత్తి చూడడానికి చాలాసార్లు కారణం ఇదే.

ప్రశ్న: సి మేజర్‌కూ ఎ మైనర్‌కూ స్వరాలు ఒకటే అని చదివాను. అయితే సి లో ఉన్న పాటను దించడానికి ఎ మైనర్ కార్డులు వాయిస్తే సరిపోతుందా? మోహన రాగంలోని పాటకు స్కేలు మారిస్తే రాగం కూడా మారుతుందా?
– ఒక పాఠకురాలు, అహేరి

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ మూలం ఒక్కటే, మంచి ప్రశ్న అడిగారు. స్కేలు మార్చడం వేరు, షడ్జమాన్ని మాత్రమే జరపడం వేరు. మోహనం సి లో పాడితే సి, డి, ఇ, జి, ఎ స్వరాలు వస్తాయి. దానిని డి కి మార్చితే డి, ఇ, ఎఫ్ షార్ప్, ఎ, బి వస్తాయి. స్వరాలన్నీ సమానంగా జరిగాయి, వాటి మధ్య దూరాలు చెక్కుచెదరలేదు, అందుచేత అది మోహనమే. ఇలా కాక, ఆ సి, డి, ఇ, జి, ఎ లనే ఉంచి డి ని షడ్జమం అనుకుంటే మధ్యమావతి అవుతుంది, ఇ ని అనుకుంటే హిందోళం, జి ని అనుకుంటే శుద్ధ సావేరి, ఎ ని అనుకుంటే శుద్ధ ధన్యాసి. మన సంగీతంలో దీనినే గ్రహభేదం అంటాము. సి లోని పాటను ఎ మైనర్ కార్డులతో వాయించాలన్న ఆలోచన స్కేలు మార్పిడి కాదు, గ్రహభేదం వంటిది. పాడేవారు సి మేజర్ బాణీనే పాడుతుంటే గిటారు వేరే చోట నిలబడి ఉంటుంది. పాటను మూడు ఫ్రెట్లు దించదలిస్తే వెళ్ళవలసింది ఎ మైనర్‌కు కాదు, ఎ మేజర్‌కు.

మైనర్ పాటలకు కార్డుల అమరిక వేరుగా ఉంటుంది. స, మ ల మీద మైనర్ కార్డులు వస్తాయి; గ, ద, ని లు మన నఠభైరవిలోలాగా సాధారణ గాంధారం, శుద్ధ ధైవతం, కైశిక నిషాదం కనుక వాటి మీద మేజర్ కార్డులు వస్తాయి. ఎ మైనర్‌లో ఇవి ఎ మైనర్, డి మైనర్, సి, ఎఫ్, జి. పంచమం మీద మాత్రం చాలా పాటల్లో ఇ మైనర్‌కు బదులు ఇ సెవెన్ వాడతారు, ఎందుకంటే బాణీ షడ్జమానికి ఎక్కేటప్పుడు కీరవాణిలోలాగా కాకలి నిషాదాన్ని తాకుతుంది, అది ఇ సెవెన్‌లోని జి షార్ప్. అటువంటి పాటను సి మైనర్‌కు మార్చితే సి మైనర్, ఎఫ్ మైనర్, ఇ ఫ్లాట్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్, జి సెవెన్ వస్తాయి. 3వ ఫ్రెట్‌లో కేపో ఉంటే వేళ్ళు పాత ఎ మైనర్ ఆకారాల్లోనే ఉండిపోవచ్చు.

ప్రశ్న: కేపో పెడితే తీగలు బర్రుమంటున్నాయి, శ్రుతి కూడా పెరుగుతోంది. తీగలనే దించి శ్రుతి చేసుకుంటే పోదా?
– ఒక పాఠకుడు, చంద్రపూర్

జవాబు: కేపోను రెండు ఫ్రెట్ల మధ్యలో కాక, ఫ్రెట్ కడ్డీకి వెనక దాదాపు ఆనించి, కడ్డీకి సమాంతరంగా పెట్టండి. బర్రుమనే శబ్దం చాలావరకు ఆగుతుంది. స్ప్రింగు మరీ గట్టిదైతే తీగ లోపలికి నొక్కుకుని శ్రుతి పెరుగుతుంది కనుక కేపో బిగించాక ఒకసారి ట్యూనర్‌తో సరిచూసుకోవాలి.

తీగలను దించడం పనికివచ్చే పద్ధతే, ముఖ్యంగా పాడేవారిది బాగా మంద్రమైన గొంతు అయినప్పుడు. ఆరు తీగలనూ ఒక స్వరస్థానం దించితే జి ఆకారం ఎఫ్ షార్ప్ గా, సి ఆకారం బి గా వినబడుతుంది. తీగ బిగువు దాని కంపనాల సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒక స్వరస్థానానికి బిగువు సుమారు 11 శాతం, రెండింటికి సుమారు 21 శాతం తగ్గుతుంది. ఒకటి దించితే వేళ్ళకు హాయిగానే ఉంటుంది. రెండు దించితే సన్న తీగలు వదులై, గట్టిగా మీటినప్పుడు ఫ్రెట్లకు తగులుతాయి. అంతకన్నా దించాలంటే లావు తీగలు వేయించాలి. ఒక్క పాట కోసం అయితే ఇది చేయకండి, పదేపదే దించి ఎక్కిస్తే తీగ కుదురుగా నిలవదు. మీ ఊరి వేసవిలో గిటారును ఎండలో నిలిపిన బండిలో వదిలేస్తే శ్రుతి జారడమే కాదు, బ్రిడ్జ్‌ను పట్టి ఉంచే జిగురు కూడా మెత్తబడుతుంది.

ప్రశ్న: పాట చివరి చరణాన్ని ఒక మెట్టు పెంచి పాడితే ఊపు వస్తుందని మావాళ్ళు అంటారు. పాట మధ్యలో స్కేలు మార్చడం ఎలా? అప్పటికప్పుడు కేపో జరపలేను కదా?
– ఒక పాఠకుడు, దేగ్లూర్

జవాబు: కొత్త స్కేలు పంచమం మీది సెవెన్ కార్డును ఒక ఆవర్తనం పాటు నిలిపితే గొంతు దానంతటదే కొత్త షడ్జమం వైపు మొగ్గుతుంది. జి నుంచి ఎ కి పెంచుతుంటే ఇ సెవెన్, జి నుంచి జి షార్ప్ కు పెంచుతుంటే డి షార్ప్ సెవెన్ వాయించాలి. కేపో జోలికి పోకుండా అలాంటి పాటను మొదటి నుంచి బార్ కార్డులతోనే వాయించండి. ఎఫ్ ఆకారాన్ని 3వ ఫ్రెట్‌లో పట్టితే జి, దానినే 5వ ఫ్రెట్‌కు జరిపితే ఎ; చేతి ఆకారం చెదరకుండా పాట మొత్తం రెండు ఫ్రెట్లు పైకి వెళ్ళిపోతుంది.

స్కేలు పెంచినప్పుడు చరణంలోని పై స్వరం కూడా అంతే పెరుగుతుందని పాడేవారికి ముందే చెప్పాలి. గొంతుకు జి వరకే హాయి అయితే, పెంచిన చరణమే జి లో ఉండేటట్టు చూసుకుని పాటను ఎఫ్ లో మొదలుపెట్టండి, మారే ముందు డి సెవెన్ వాయించండి.